కాలువ కాదు, వాగు

నేను దేని మీద పని చేస్తానో చెప్పగానే చాలామంది మొహం చిట్లిస్తారు. చూడ్డానికి అది పెద్ద వానపాములా ఉంటుంది. పట్టుకుంటే పాములా జారిపోతుంది. ఆ రెండూ కాదు. కప్పకూ, తడి బల్లిలా కనిపించే సాలమాండర్‌కూ చుట్టమైన, కాళ్లు లేని ఉభయచరం. సిసీలియన్ అంటారు. మా మలేషియా ద్వీపకల్పంలో సాలమాండర్లు లేవు. సమావేశాల్లో వేరే దేశాల వాళ్లు తమ సాలమాండర్ల గురించి, వాటి కోసం కాపాడుకున్న చల్లని ఏరుల గురించి చెబుతుంటే నేను వింటూ కూర్చునేదాన్ని. వాటి చుట్టాల్లో నాకు చెప్పుకోవడానికి ఉన్నది ఇదొక్కటే. తడిమట్టిలో, కుళ్లిన దుంగల కింద, ఎవరి కంటా పడకుండా బతుకుతుంది. ముదురు ఊదా రంగు ఒళ్లు, రెండు పక్కలా పసుపు చార, చర్మం కింద చుక్కల్లా కనీ కనిపించని కళ్లు.

మొదటిసారి దాన్ని చూసింది యూనివర్సిటీ ల్యాబ్‌లో, గాజు సీసాలో. మందులో ఏళ్ల తరబడి నాని, రంగంతా పోయి, తాడు ముక్కలా ఉంది. సీసా మీద చీటీలో మా పెరాక్ రాష్ట్రం పేరు ఉంది. నేను పుట్టి పెరిగిన నేలలోనే ఇది ఉందని, నేను ఎన్నడూ చూడలేదని తెలిసి ఆ రోజు భోజనం సహించలేదు. బతికున్నదాన్ని చూడాలనే కోరిక అప్పుడు పట్టుకుంది. తర్వాత పెళ్లయింది, పిల్లలు పుట్టారు, కౌలాలంపూర్ పక్కనున్న సైబర్‌జయలో ఒక కాలేజీలో జీవశాస్త్రం చెప్పే ఉద్యోగం వచ్చింది. సెలవు దొరికినప్పుడల్లా ఏదో ఒక వాగు ఒడ్డున పార పట్టుకుని కూర్చునేదాన్ని. ఎన్ని గట్లు తవ్వినా అది కనిపించలేదు.

చివరికి దాని జాడ చెప్పింది మా అన్న.

మేమిద్దరం పెరాక్ తీరాన, బాగన్ దాతుక్‌లో కొబ్బరి ఎస్టేట్ మధ్య పెరిగాం. నాన్న ఎస్టేట్ ఆఫీసులో గుమాస్తా. అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. చదువయ్యాక తోటల పనిలోనే చేరి, మెల్లగా ఎదిగి, పెరాక్‌లోనే లోపలికి, కొండల కింద ఉన్న ఒక పామాయిల్ ఎస్టేట్‌కు మేనేజరయ్యాడు. అమ్మానాన్నా పోయాక మా ఇంటి తెలుగు మాట్లాడటానికి నాకు మిగిలింది వాడొక్కడే. మా ఆయన తమిళుడు. పిల్లలకు తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. మా తెలుగు మా ముత్తాతల కాలంలో ఓడెక్కి వచ్చింది. హైదరాబాదు నుంచి సైబర్‌జయకు ఉద్యోగాలకు వచ్చినవాళ్ల ముందు 'ఏటి' అన్నా 'సేసినాను' అన్నా వాళ్లు ముసిముసిగా నవ్వుతారు. అందుకని వాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడతాను. అన్నతో మాత్రం ఫోనెత్తగానే నాకు తెలియకుండానే ఆ మాట వచ్చేస్తుంది.

ఒక రోజు క్లాసు ముగించుకుని బయటికొస్తుంటే అన్న నుంచి ఒక ఫోటో, వెంటనే ఫోను.

"ఒలే, ఇదేటో సూడు లా. మావోలు కాలవ బాగుసేత్తంటే దొరికినాది. పామనుకొని కొట్టేసినారు."

మలేషియాలో ఏ భాష మాట్లాడినా మాట చివర ఆ 'లా' వచ్చి చేరుతుంది. మా తెలుగుకూ అంటుకుంది.

ఫోటోలో పార దెబ్బకు రెండు ముక్కలైన ఊదా రంగు ఒళ్లు. రెండు ముక్కల మీదా పసుపు చార.

"అన్నా, ఇది పాము కాదు. ఎక్కడ దొరికినాది? ఏ కాలవ?"

"సచ్చిన పాముకి అంత కంగారేటే?"

"పాము కాదంటన్నాను కదా! ఆ కాలవ ముట్టుకోవద్దని సెప్పు. నాను రేపు వచ్చేత్తాను."

మర్నాడు తెల్లారుతూనే కారు తీశాను. అన్న ఎస్టేట్ గేటు దగ్గర జీపులో ఎదురుచూస్తున్నాడు. వరసలు వరసలుగా ముసలి పామాయిల్ చెట్లు, వాటి మొదళ్ల మీద పెరిగిన ఫెర్న్ మొక్కలు. వాటి మధ్యగా చాలా దూరం పోయాక ఎస్టేట్ చివర, కొండ మొదలయ్యే చోట ఒక సన్నని చెట్ల పట్టీ ఉంది. నాటినవి కావు, తోట వేయకముందు నుంచీ ఉన్న అడవి చెట్లే. వాటి కింద నుంచి ఒక్క గెంతులో దాటగలిగినంత వెడల్పున నీరు పారుతోంది. కొంత దూరం వంకరలు తిరుగుతూ వచ్చి, తోటలోకి అడుగుపెట్టగానే తిన్నని కాలువగా మారిపోతోంది.

తవ్వడం మొదలుపెట్టాను. ఆ వారం ఏమీ లేదు, ఆ తర్వాతా లేదు. ప్రతి ఆదివారం వచ్చేదాన్ని. మొదట్లో అన్న జీపులోనే కూర్చుని ఫోన్లు మాట్లాడుకునేవాడు. వర్షాలు బాగా పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఊరికే కూర్చోలేక దిగొచ్చి, నేను కదపలేని ఒక దుంగను పట్టుకుని పొర్లించాడు.

కింద మట్టిలో గుండ్రని గూడు. అందులో అది చుట్ట చుట్టుకుని ఉంది. తడిసి, వంకాయ రంగులో మెరుస్తోంది. చుట్టల మధ్యలో గాజుపూసల్లా గుడ్ల గుత్తి.

అన్న చటుక్కున వెనక్కి గెంతాడు.

"ఇదేటే, వానపాము గుడ్లెడతాదా?"

"వానపాము కాదన్నా. ఇదే నాను సెప్పినది. తల్లి."

"పారిపోదేటి మరి? దుంగ తీసేసినాం, ఎలుగు పడతంది..."

"పారిపోదు. గుడ్లు పగిలిందాకా ఇలగే ఉంటాది. సరిగ్గా తిండి కూడా తినదు."

అది తల కొంచెం ఎత్తి, మళ్లీ గుడ్ల మీద ఆనించుకుంది. నేను ఫోటోలు తీసుకుంటుంటే అన్న నా భుజం తట్టి, "సాలు లా, మూసెయ్యి," అన్నాడు. ఇద్దరం కలిసి దుంగను ఎలా ఉన్నదాన్ని అలాగే, కింద పిడికిలంత సందు ఉండేలా పెట్టాం. ఇన్నేళ్లు నేను వెతికినదాన్ని చూసిన ఆనందం ఎంతో, దాన్ని మా అన్న పక్కన నిలబడి చూశానన్న ఆనందమూ అంతే. తిరిగొచ్చే దారంతా కారులో ఒక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చాను.

ఆ తర్వాతి వారాలు నా జీవితంలో మంచి రోజులు. ఆదివారం పొద్దున్నే బయల్దేరేదాన్ని. వదిన ఫ్లాస్కులో టీ, డబ్బాలో నాసి లెమాక్, అదే కొబ్బరి పాల అన్నం, కట్టి ఇచ్చేది. దుంగను ఊరికే ఎత్తకూడదు గనక, మట్టి ఎంత తడిగా ఉందో, నీళ్లెంత వేడిగా ఉన్నాయో కొలుచుకోవడం, పక్క గట్లు వెతకడం, అంతే నా పని. మిగతా సమయమంతా గట్టు మీద కూర్చుని కబుర్లు. నాన్న కోపాలు, అమ్మ చేపల పులుసు, బాగన్ దాతుక్ వానల్లో స్కూలుకు సెలవిచ్చినప్పుడు మేం పడ్డ సంబరం, అన్నీ మళ్లీ మళ్లీ చెప్పుకున్నాం. నేను మర్చిపోయిన మాటలు అన్న నోటి వెంట వచ్చేవి. త్వరగా అనడానికి 'బేగి', వదిలెయ్ అనడానికి 'ఒగ్గీ', పిల్లను 'గుంట' అని వాడంటుంటే, ఎప్పుడో పోయిన బంధువులు వచ్చి పక్కన కూర్చున్నట్టుండేది. వారం మధ్యలో వాడే ఫోన్ చేసి, "నీ పురుగు కులాసాగానే ఉంది, దుంగ కదల్లేదు," అని చెప్పేవాడు. పనివాళ్లకు ఆ మూల కలుపుమందు కొట్టవద్దని కూడా చెప్పాడట.

ఒక ఆదివారం దుంగ ఎత్తి చూస్తే గూడు ఖాళీ. గుడ్ల పొరలు మాత్రం మట్టికి అతుక్కుని ఉన్నాయి. పిల్లలు నీళ్లలోకి వెళ్లిపోయాయి, తల్లి ఎటో మట్టిలోకి దిగిపోయింది. అంతా సవ్యంగా జరిగిందనడానికి అదే గుర్తు. అన్న ఆ గూట్లో వేలు పెట్టి చూసి, "ఎల్లొత్తానని కూడా సెప్పలేదు సూడు," అన్నాడు. నవ్వించడానికే అన్నాడు, కానీ వాడూ నవ్వలేదు.

కొత్త సంవత్సరం వచ్చాక అన్న ఒకరోజు సైబర్‌జయకే వచ్చాడు. ఎప్పుడూ చెప్పకుండా రాడు, ఆ రోజు వచ్చాడు. కాలేజీ క్యాంటీన్‌లో కూర్చున్నాం. టీ చల్లారిపోతున్నా వాడు ముట్టుకోలేదు.

"ముసలి సెట్లన్నీ కొట్టేసి కొత్తవి ఎయ్యమని హెడ్డాఫీసు నుంచి వచ్చినాది. నీ వాగు పక్క ముక్క కూడా అందులో ఉంది."

"వాగు గట్లు వదలాలి కదా అన్నా. రూలుంది కదా?"

"వాగుకి ఉంది. మా ఎస్టేటు మ్యాపులో అది వాగు కాదు, కాలవ. కాలవని తిన్నగా తవ్వేసి, రెండు పక్కలా సెట్లెయ్యొచ్చు."

"అది కాలవా? నువ్వు నీ కళ్లతో సూసినావు కదా!"

"సూసినాను. మ్యాపులో కాలవనే ఉంది. నాకు ముందున్నోలు రాసినారు, నాను ఇన్నేళ్లు దాని మీద సంతకం ఎడతన్నాను."

నేను ఎంత బతిమాలానో, ఎంత గట్టిగా మాట్లాడానో ఇప్పుడు గుర్తులేదు. పక్క బల్లల వాళ్లు తిరిగి చూశారని మాత్రం గుర్తుంది. రిపోర్టు రాసిస్తానన్నాను, ప్రభుత్వానికి చెబుతానన్నాను. అన్న అన్నీ విని, "నీ రిపోర్టు నువ్వు రాసుకో. నన్ను కొన్ని రోజులు ఒగ్గీ," అని లేచాడు.

ఆ తర్వాత వాడి దగ్గర్నుంచి ఫోన్ లేదు. నేనూ చేయలేదు. రిపోర్టు రాసి పంపాను. మా ఆయన ఓదార్చబోయాడు గానీ, ఆయనకు చెప్పుకుంటే ఆ బాధ తమిళంలో చెప్పుకోవాలి. అదెందుకో కుదరలేదు.

ఎండలు ముదిరాక అన్న ఫోన్ చేశాడు. "రేపు మా పెద్ద మేనేజరు వస్తన్నారు. నువ్వు కూడా రా. నువ్వేటీ మాటాడొద్దు. అడిగితేనే సెప్పు."

వెళ్లేసరికి తోట సగం నేలమట్టమైంది. పడిన చెట్లను యంత్రాలు ముక్కలు చేస్తున్నాయి. ఎర్రటి మట్టి, ఎండ. వాగు దగ్గర ఒక ఎక్స్‌కవేటర్ ఆగి ఉంది. ఆ పెద్ద మేనేజరు చైనీస్ ఆయన, మర్యాదస్తుడు. టోపీ తీసి నాకు నమస్కారంలా తల వంచాడు. అన్న ఆయనతో మలయ్‌లో మాట్లాడాడు. అందులో నాకు గుర్తున్నది ఇదీ.

వాన పడి వారాలు దాటిందనీ, తోట కాలువల తూములన్నీ తనే దగ్గరుండి మూయించాననీ ముందు చెప్పాడు. ఆయన్ను వెంటబెట్టుకుని ఒక కాలువ చూపించాడు. అడుగున పాకుడు పట్టిన నీళ్లు కదలక పడి ఉన్నాయి. ఇంకో కాలువ చూపించాడు. పూర్తిగా ఎండిపోయి నెర్రెలిచ్చింది. తర్వాత చెట్ల పట్టీలోకి తీసుకొచ్చాడు. లోపలికి అడుగుపెట్టగానే చల్లగా తగిలింది. అన్న బూట్లతోనే నీళ్లలోకి దిగి, ఒక ఎండుటాకు తీసి వదిలాడు. అది గిర్రున తిరిగి, రాళ్ల మధ్య నుంచి జారి, వంపు దాటి వెళ్లిపోయింది.

"ఇది కాలువ కాదండీ. వాగు. కొండలో పుట్టి వస్తోంది. మా మ్యాపు తప్పు," అన్నాడు అన్న.

పెద్ద మేనేజరు ఆ వంపు దాకా నడిచి చూసొచ్చాడు. "ఇన్నేళ్లూ ఈ మాట ఎందుకు రాయలేదు?" అని అడిగాడు.

"రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను."

ఆయన నా వైపు తిరిగి ఆ జంతువు గురించి అడిగాడు. ఫోన్‌లో తల్లి ఫోటో చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసి దగ్గరగా పెట్టుకుని చూశాడు. కారెక్కే ముందు అన్నతో, ఎంత మేర వదలాలో కొలిపించి పంపమన్నాడు.

ఎక్స్‌కవేటర్ నడిపే తమిళతను బండి వెనక్కి తిప్పుకుంటూ నన్ను పిలిచి, "పాంబుక్కాగవా అమ్మా ఇదెల్లాం?" అని నవ్వాడు. పాము కోసమా ఇదంతా అని. అవునన్నాను. ఆ రోజు దాన్ని పామన్నా నాకు కోపం రాలేదు.

సాయంత్రం అన్న గట్టు మీద కూర్చుని బూట్లలో నీళ్లు ఒంపుకుంటున్నాడు. నేను పక్కన కూర్చుని థాంక్స్ చెప్పబోయాను. మా తెలుగులో దానికి మాట లేదు, మేమెప్పుడూ ఒకరికొకరం చెప్పుకోలేదు. వాడే అన్నాడు:

"నీ పురుగు కోసం సెయ్యలేదే. అది కాలవ కాదు. కాలవని కాలవంటే సంతకం ఎట్టొచ్చు. రోజూ కళ్లతో సూస్తా ఎలగ ఎడతాను?"

కొలతలయ్యాయి. కర్రలు పాతి తాడు కట్టారు. వాగుకు రెండు పక్కలా చెట్లు నిలిచాయి. ఆ నెలలోనే ఒక రాతి కింద గుంటలో, తలకు రెండు పక్కలా కుచ్చుల్లాంటి మొప్పల గుర్తులతో వేలెడంత పిల్ల దొరికింది. వీడియో తీసి అన్నకు పంపాను. ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చాడు. అరచేతిలో నీళ్లతో సహా దాన్ని పట్టుకుని చూసి, మెల్లగా వదిలాడు.

మరి కొన్నాళ్లకు బదిలీ వచ్చింది. సబాకు. అదీ మా దేశమే గానీ సముద్రం అవతల, విమానం ఎక్కితే తప్ప వెళ్లలేని చోటు.

"దీని వల్లేనా?" అన్నాను.

"ఏమో. తోటల పనంటే అంతే లా. అక్కడది ఇంకా పెద్ద ఎస్టేటు. మంచిదే కదా?"

మంచిదో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. అడిగినప్పుడల్లా వాడు ఇదే జవాబు చెబుతాడు. సామాను లారీకెక్కించే రోజు వదిన వంటింట్లో గిన్నెలు కాగితాల్లో చుడుతూ, "మీ ఇద్దరూ ఆ మురికి గట్టు మీద ఏటి మాటాడుకున్నారో గానీ, ఈయన ఇంటికొచ్చి కూడా నవ్వుకునేవోరు," అంది. నేను పక్క గదిలోకి వెళ్లి ఏడ్చాను.

అన్న వెళ్లాక మొదటి వర్షాలకు నేను ఒక్కదాన్నే వెళ్లాను. కొత్త మేనేజరు మంచివాడే. లోపలికి వెళ్లడానికి ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. విద్యార్థులు కూడా తోడొచ్చారు. పని పద్ధతిగా సాగింది. కానీ కొలతలు అయ్యాక గట్టు మీద ఏం చేయాలో తెలిసేది కాదు. ఫ్లాస్కులో టీ ఒక్కదాన్నే తాగడం అలవాటు లేదు. ఒక్కోసారి ఎవరూ దగ్గర లేకుండా చూసుకుని పైకే అనేదాన్ని, "ఏటన్నా, ఎలగున్నావు?" అని. నా గొంతే నాకు వింతగా వినిపించేది.

ఫోనులో మాట్లాడుకుంటాం, అదీ నిజమే. సబాలో వాడి ఎస్టేట్‌లో సిగ్నల్ సరిగా ఉండదు. సగం మాటలు తెగిపోతాయి. గట్టు మీద కబుర్లకు మధ్యమధ్య మౌనం ఉండేది, ఫోన్‌లో మౌనం వస్తే లైన్ తెగిందేమోనని ఇద్దరం 'హలో, హలో' అంటాం. రానురాను మాటలు ఆరోగ్యాల దగ్గర, పిల్లల చదువుల దగ్గర ఆగిపోతున్నాయి. కిందటి వర్షాకాలంలో చాలా వెతుకులాట తర్వాత మళ్లీ ఒక తల్లి కనిపించింది, వేరే దుంగ కింద, గుడ్లతో. అదే తల్లో, ఇంకొకటో నాకు తెలియదు. అన్నకు ఫోన్ కలవలేదు. ఫోటో పంపాను. రెండు రోజుల తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది: "ఒలే, సూసినాను. దుంగ కింద సందు ఒగ్గినావా లేదా?" వెనక గాలి హోరు. ఆ చిన్న ముక్కను ఎన్నోసార్లు విన్నాను.

ఈ ఏడు ఒక బంధువుల పెళ్లికి అన్న కౌలాలంపూర్ వచ్చాడు. ఉన్నది కొద్ది రోజులే. తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే నేను కారు తీసుకెళ్లి, "రా, వాగు దగ్గరికి ఎల్లొద్దాం. సాయంత్రం విమానానికి నానే దింపేత్తాను," అన్నాను. వాడు చొక్కా కూడా మార్చుకోకుండా వచ్చి కూర్చున్నాడు.

హైవే మీద ఉండగానే వాన అందుకుంది. పెరాక్‌లోకి వచ్చేసరికి దారి కనబడనంత వాన. ఎస్టేట్‌కు మలుపు తిరిగే చోట రోడ్డు మీద నీళ్లు నిలిచి, పోలీసులు బండ్లను వెనక్కి తిప్పుతున్నారు. కాసేపు చూద్దామని పక్కనే ఉన్న టీ కొట్టులో కూర్చున్నాం. రేకుల కప్పు మీద వాన మోతకు గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. అన్న జుట్టు బాగా నెరిసింది. సబాలో తన పనివాళ్ల భాష నేర్చుకున్నానని, కొన్ని మాటలు చెప్పి నవ్వించాడు. అక్కడి వాగులో కూడా దుంగలు ఎత్తి చూస్తుంటానన్నాడు. ఏమైనా దొరికిందా అంటే, "పీతలు," అన్నాడు. తర్వాత నీళ్లు కొండ మీద నుంచి ఎంత జోరుగా వస్తుంటాయో, మా దుంగలు ఆగాయో లేదో లెక్కలు వేసుకున్నాం. ఇద్దరం రోడ్డు వైపే చూస్తున్నాం. వాన తగ్గలేదు.

"టైమైపోతంది లా," అన్నాడు చివరికి.

"ఇంకో పది నిమిషాలు."

"ఇంకో పది నిమిషాలు," అని ఒప్పుకుని ఇంకో టీ చెప్పాడు.

విమానాశ్రయం దగ్గర దిగుతూ నా తల మీద చెయ్యి వేసి, "మల్లీ వత్తాను. అప్పుడు సూద్దాం," అన్నాడు. అద్దాల తలుపుల లోపలికి వెళ్లిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను. తిరిగొస్తుంటే వాన పూర్తిగా వెలిసింది. రోడ్డు పక్క తోటల్లో కాలువలన్నీ నిండి పారుతున్నాయి. ఇంట్లో పిల్లలు ఇంగ్లీషులో అడిగారు, మామయ్యకు వాగు చూపించావా అని. తెలుగులోనే చెప్పాను, దారిలో వాన పట్టుకుందని, సగం దూరం పోయి తిరిగొచ్చామని. ఇంకేం అడగకుండా, నా తడి చెప్పులు తీసి బయట ఆరబెట్టారు.